రేవులో ఎవరు తప్పుకోవాలి, నీళ్లలో ఎవరు తగ్గాలి

కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ. మామూలు ప్లాస్టిక్ కయాక్ బరువు పాతిక కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఇద్దరు చెరో కొసా పట్టుకుంటే మెట్లు దిగి నీళ్ల మీద పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. కానీ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల జట్టు ఒకటి పొద్దున్నే కృష్ణ ఒడ్డుకి వచ్చిందంటే అదే పనికి ఇరవై నిమిషాలు పడుతుంది. కయాక్‌ని తెచ్చి నీటి అంచున ఉన్న మెట్టు మీద అడ్డంగా పెడతారు. తెడ్డు రెండు ముక్కలూ బిగించడం, లైఫ్ జాకెట్ పట్టీలు సరిచేసుకోవడం, ఫోన్‌ని తడవని కవర్లో పెట్టడం, సన్‌స్క్రీన్ రాసుకోవడం, ముందు ఎవరు వెళ్లాలో మాట్లాడుకోవడం, ఫొటోలు, అన్నీ ఆ మెట్టు మీదే. అదే వేళకి రాత్రి వేసిన వల తీసుకుని ఒక జాలరి పడవ ఒడ్డుకి వస్తుంది. ఆనుకోవడానికి చోటు ఉండదు. ఆయన గెడ గుచ్చి పడవని ఆపి, ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తూ ఉంటాడు. బుట్టలో చేప ఎండెక్కకముందే బజారుకి చేరాలి. ఆయన నోరు తెరిచి అడగడు, వీళ్లు వెనక్కి తిరిగి చూడరు. రేవులో తగవు మొదలయ్యేది ఆ మిగతా పద్దెనిమిది నిమిషాల దగ్గరే.

సరదా పడవలు లెక్కకు మించి తిరిగే అమెరికాలో ఈ తగవు చాలా పాతది. అక్కడ నదుల ఒడ్డున, సరస్సుల ఒడ్డున కాంక్రీటు వాలు ఒకటి నీళ్లలోకి దిగి ఉంటుంది. దాన్ని బోట్ ర్యాంప్ అంటారు. వంద అడుగుల దూరానికి పన్నెండు నుంచి పదిహేను అడుగులు దిగేలా కడతారు. వాలు తక్కువైతే పడవ తేలేసరికి కారు చక్రాలు మునుగుతాయి, ఎక్కువైతే బరువు లాక్కుంటూ కారు పైకి ఎక్కలేదు. పడవని ట్రైలర్ మీద పెట్టి, కారుకి తగిలించి, రివర్స్‌లో నీళ్లలోకి దించుతారు. ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయని మనం సామెతగా చెప్పుకునేది అక్కడ రోజూ కళ్ల ముందే జరుగుతుంది. అలాంటి వాలు మీద ఒకసారికి ఒకటో రెండో పడవలే దిగగలవు కాబట్టి ఒక పద్ధతి దానంతటదే ఏర్పడింది. సర్దుకోవడమంతా పైన పార్కింగ్ దగ్గరే అయిపోవాలి. వాలు మీదకి వచ్చాక దించడం తప్ప వేరే పని ఉండకూడదు. దించిన వెంటనే కారు, ట్రైలర్ తీసేయాలి. చీకటి వేళ రివర్స్‌లో వచ్చేవాళ్ల కళ్లలో పడకుండా హెడ్‌లైట్లు ఆర్పేయాలి.

మోటారు పడవల వాళ్లకీ కయాక్ వాళ్లకీ మధ్య అక్కడ మాటలు పెరగడానికి డబ్బు కూడా ఒక కారణం. చాలా రాష్ట్రాల్లో మోటారు పడవకి రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది, కయాక్‌కి ఉండదు. ర్యాంపుల ఖర్చులో కొంత ఆ ఫీజుల నుంచీ, పడవలు తాగే ఇంధనం మీద పన్ను నుంచీ వస్తుంది. మేం డబ్బు కడుతుంటే మీరొచ్చి అడ్డం కూర్చుంటారా అని వాళ్ల మాట. నీళ్లు అందరివీ కదా, పడవ పెద్దదైతే హక్కు కూడా పెద్దదవుతుందా అని వీళ్ల మాట. రెండిట్లోనూ కొంత న్యాయం ఉంది. కానీ హక్కుల లెక్కతో రేవు నడవదు. రేవుకి ఎవరూ ఉండిపోవడానికి రారు, దాటిపోవడానికే వస్తారు. అలాంటి చోట ముందు చూడాల్సింది ఎవరు తేలిగ్గా పక్కకి జరగగలరు, ఎవరు జరగలేరు అన్నదే.

ఇలా చూడటం తెలుగువాళ్లకి కొత్త కాదు. ఊరి చెరువుకో ఏటికో ఒకటే ఒడ్డు ఉన్నా రేవులు మాత్రం వేరువేరుగా ఉండేవి. మంచినీళ్ల రేవు ఒకటి, స్నానాల రేవు ఒకటి, చాకిరేవు, గొడ్లు దిగే రేవు, పడవలు ఆగే రేవు. గొడ్లు కలచిన నీళ్లు బిందెలోకి రాకుండా, బట్టలుతికే బండకి పడవ తగలకుండా చోటునే పంచేశారు. ఆ పంపకంలో కులం పేరుతో మనుషుల్ని దూరంగా పెట్టిన అన్యాయం కూడా ఉంది, అది మళ్లీ రాకూడదు. పనిని బట్టి చోటు వేరు చేయడమన్న ఆలోచన మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. నగరం పెరిగేసరికి ఆ పంపకం చెరిగిపోయింది. అన్ని పనులూ ఒకే ఘాట్ మీదకి వచ్చి పడ్డాయి.

విజయవాడలో ఇది బాగా కనబడుతుంది. కాటన్ కాలంలో, 1850ల్లో కట్టిన ఆనకట్ట స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. పొడవు 1,223 మీటర్ల పైచిలుకు, గేట్లు 70. దానికి ఎగువన నిలిచే నీళ్లే టూరిజం బోటుకైనా కయాక్‌కైనా ఆధారం. దిగువన వరద రోజులు పోతే ఎక్కువగా ఇసుక మేటలే కనబడతాయి. ఎగువన దుర్గా ఘాట్, భవానీ ఘాట్, పున్నమి ఘాట్ ఉన్నాయి. ఇంకా పైకి పోతే ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం. నది మధ్యలో 133 ఎకరాల భవానీ ద్వీపం. అవతలి ఒడ్డున గుంటూరు జిల్లా వైపు సీతానగరం, ఉండవల్లి. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగిన పుష్కరాల కోసం ఘాట్లను పెద్ద ఎత్తున విస్తరించారు. అవన్నీ స్నానాల కోసం కట్టిన మెట్లు. మనిషి అడుగుకి కొలిచి కట్టినవి, పడవ అడుగుకి కొలిచినవి కావు. ఆ మెట్ల మీదే ఇప్పుడు స్నానాలూ, పిండప్రదానాలూ, దీపాలూ, వాకింగ్‌కి వచ్చినవాళ్లూ, టూరిజం బోట్లు ఎక్కేవాళ్లూ, చేపల పడవలూ, కయాక్‌లూ కలుస్తున్నాయి.

ఇంతమంది కలిసే చోట పద్ధతి ఒక్క వాక్యంలో ఇమడాలి, లేకపోతే ఎవరికీ గుర్తుండదు. గట్టు మీద తేలికవాడు తప్పుకోవాలి, నీళ్లలో బలమున్నవాడు తగ్గాలి. ఈ రెండూ కలిసే ఉండాలి. మొదటిదే చెప్పి ఊరుకుంటే కయాక్ వాళ్లని తరిమేసినట్టవుతుంది. రెండోదే చెబితే పొట్టకూటికి పడవ నడిపేవాడి మీద సరదాకి వచ్చినవాళ్లు పెత్తనం చేసినట్టవుతుంది.

గట్టు సంగతి ముందు చూద్దాం. పదుల మందిని ఎక్కించుకునే టూరిజం బోటుకి లోతు కావాలి, జెట్టీ కావాలి, మోకు కట్టడానికి గుంజ కావాలి. వలతో వచ్చే నాటు పడవ ఎక్కడ పడితే అక్కడ ఆగలేదు. చేపలు కొనేవాళ్లు, బుట్టలు మోసే బండి ఎక్కడ ఆగితే అదే దాని రేవు. కయాక్‌కి ఇవేవీ అక్కర్లేదు. జానెడు లోతు నీళ్లు, మూడున్నర మీటర్ల పొడవు చోటు దొరికితే చాలు. ఘాట్ చివర మెట్లు అయిపోయే మూల, పక్కనున్న ఇసుక గట్టు, ఏదైనా సరిపోతుంది. అంత వెసులుబాటు ఉన్నవాళ్లు జెట్టీ పక్కన ఇరుకు సందులోకి దూరడం, నాది చిన్నదే కదా, ఇలా దించేస్తే అయిపోతుంది అనుకోవడం మర్యాద కాకపోవడం అటుంచి ప్రాణాలకే ముప్పు. జెట్టీకి ఆనుకుంటున్న పెద్ద బోటుని ఆఖరి రెండు మీటర్లలో ఎవరూ ఆపలేరు. ఇంజను రివర్స్‌లో వేసినా ఊపు ఉన్నంతసేపు ముందుకే వస్తుంది. బోటుకీ గోడకీ మధ్య ఉన్న కయాక్ నుజ్జయిపోతుంది.

కాబట్టి కయాక్ వాళ్లు సర్దుకోవడం పై మెట్ల మీదే, ఇంకా మంచిది రోడ్డు పక్కన కారు ఆపిన చోటే, పూర్తి చేసుకుని కిందకి దిగాలి. తెడ్డు బిగించి, జాకెట్ వేసుకుని, ఈల మెడలో తగిలించుకుని, ఫోన్ లోపల పెట్టేసి దిగితే కింద మెట్టు దగ్గర చేయాల్సిన పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. జట్టులో ఆరుగురుంటే ఆరు కయాక్‌లూ ఒకేసారి దించి వరసగా పరచక్కర్లేదు. ఒకటి నీళ్లలోకి వెళ్లాక ఇంకొకటి దించాలి. తేలినవాళ్లు మెట్ల ముందు గుండ్రంగా తిరుగుతూ స్నేహితుల కోసం ఆగకుండా, ఒక యాభై మీటర్లు దూరం పోయి అక్కడ కలుసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. రెండు గంటలు తెడ్డు వేసి అలసిపోయినవాళ్లకి ఒడ్డు తగలగానే అక్కడే చతికిలబడాలనిపిస్తుంది. ముందు కయాక్ పైకి తీయాలి, తరవాత కూర్చోవాలి.

కింది మెట్ల గురించి ఒక మాట. నీటిమట్టం పెరిగి తగ్గే చోట మెట్ల మీద పాచి పట్టి ఉంటుంది. పొడిగా కనబడే మెట్టు కన్నా దాని కింద, నీళ్లు ఒక్క అంగుళం కప్పిన మెట్టు ఎక్కువ జారుతుంది. చేతిలో పాతిక కిలోల బరువుతో దాని మీద అడుగు వేసినవాడు పడితే తానొక్కడే పడడు. కింద మునకేస్తున్న ముసలాయన మీదకి కయాక్ జారిపోతుంది. అందుకే కయాక్‌ని మోసేటప్పుడు ముందు నడిచేవాడు నీళ్ల వైపు చూస్తూ కాలితో తడిమి అడుగు వేయాలి, వెనకవాడు బరువు పట్టి ఉంచాలి. స్నానాలు చేసేవాళ్లున్న మెట్ల మీద నుంచి కయాక్ దించనే కూడదు. పదడుగులు పక్కకి నడిస్తే పోయేదేమీ లేదు.

స్నానాలంటే ఇంకో సంగతి ఉంది. కార్తీకంలో తెల్లవారకముందే ఆడవాళ్లు వచ్చి మునకేసి, తడి చీరలతోనే అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. ఇప్పుడు చాలా కయాక్‌ల ముక్కుకి, తలకి పెట్టుకునే హెల్మెట్‌కి చిన్న కెమెరా బిగించి ఉంటోంది. అది దేన్ని పట్టుకుంటుందో నడిపేవాళ్లే గమనించరు. ఒడ్డుకి వంద మీటర్ల దూరంలోనే కెమెరా ఆపేయడం కయాక్ వాళ్లు తమంతట తామే పెట్టుకోవాల్సిన నియమం. ఎవరో వచ్చి గొడవ చేశాక ఆపడంలో మర్యాద లేదు. దీపాల మధ్య నుంచి తెడ్డు వేసుకుంటూ పోవడం కూడా అలాంటిదే. చూడటానికి అందంగా ఉంటుంది, నిజమే. కానీ ఒకరు దణ్ణం పెట్టుకుని వదిలిన దీపం తెడ్డు దెబ్బకి ఆరిపోతే ఆ ఒడ్డున నిలబడి చూస్తున్న మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించాలి. పిండాలు పెట్టే చోట అయితే నవ్వులు, కేకలు కూడా తగ్గించుకోవాలి. ఒక కుటుంబం ఆ రోజు అక్కడికి ఎందుకు వచ్చిందో తెలిసిందే కదా.

ఇక నీళ్లలో సంగతి. ఇక్కడ భారం ఇంజను ఉన్నవాళ్ల మీద పడుతుంది, దానికి కారణం అల. పడవ బాగా మెల్లగా పోయేటప్పుడు నీటిని చీల్చుకుంటూ పోతుంది, చిన్న అల లేస్తుంది. తేలికపాటి స్పీడ్‌బోటు బాగా వేగం అందుకుంటే నీటి పైకి లేచి జారుతుంది, అప్పుడూ అల మరీ పెద్దది కాదు. ఈ రెండిటికీ మధ్య ఒక వేగం ఉంది. ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం నీళ్లలో కూరుకుపోతుంది, ఇంజను బలమంతా నీటిని పక్కకి తోయడానికే పోతుంది. అన్నిటికన్నా పెద్ద అల లేచేది అప్పుడే. కయాక్‌ని చూసి బోటు నడిపే సరంగు మంచి మనసుతోనే కొంచెం వేగం తగ్గిస్తాడు, సరిగ్గా ఆ మధ్య వేగంలోకి వచ్చి పడతాడు. కయాక్‌లో ఉన్నవాడు తడిసి ముద్దయి తిట్టుకుంటాడు, సరంగేమో తగ్గించాను కదా అనుకుంటాడు. సగం తగ్గించడం సాయం కాదు. తగ్గిస్తే ముక్కు పూర్తిగా కిందకి దిగేదాకా తగ్గించాలి, అదీ కయాక్ దగ్గరికి వచ్చాక కాకుండా చాలా ముందే. పడవ ఆగినా వెనక తరుముకొచ్చే అల ఆగదు.

ఘాట్ల దగ్గర ఇది ఇంకా ఎక్కువ. మట్టి ఒడ్డు, ఇసుక ఒడ్డు, రెల్లు మొలిచిన ఒడ్డు అలని మింగేస్తాయి. కాంక్రీటు గోడ మింగదు, కొట్టి వెనక్కి పంపుతుంది. వచ్చే అలా పోయే అలా కలిసిన చోట నీళ్లు ఉన్నచోటే నిలువునా లేచి పడతాయి. ఒడ్డుకి సమాంతరంగా ఆగి, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు కయాక్‌లో పెట్టినవాడికి అంతకన్నా చెడ్డ చోటు లేదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కయాక్ ముక్కు అలకి ఎదురుగా పెట్టుకుంటే బతికిపోతాడు, పక్క చూపిస్తే బోల్తా పడతాడు. వలలో చేప తీస్తూ పడవలో వంగి నిలబడ్డ జాలరికీ ఇదే కష్టం. కయాక్ వాళ్లకైతే బోల్తా పడటం కూడా ఆటలో భాగమే. ఆయనకి ఆ పూట సంపాదన నీళ్లపాలవుతుంది.

సరంగు వైపు నుంచి కూడా చూడాలి. కయాక్‌లో కూర్చున్న మనిషి తల నీటికి మీటరు ఎత్తులో కూడా ఉండదు. వేగంలో ముక్కు లేచిన బోటు నడిపేవాడికి ఎదురుగా కొంత నీరు అసలు కనబడదు. పొద్దున్న ద్వీపం వైపు నుంచి దుర్గా ఘాట్‌కి వచ్చే పడవ తూర్పుకి వస్తుంది, ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. ఆ వెలుగులో నీలం రంగు కయాక్ నీళ్లలో కలిసిపోతుంది. అందుకే కయాక్‌లూ జాకెట్లూ నారింజ, పసుపు రంగుల్లో ఉండటం మేలు. బోట్లు రోజూ తిరిగే దారిని తెడ్డు మీద దాటేటప్పుడు ఆరుగురు ఆరు చోట్ల చెల్లాచెదురుగా కాకుండా దగ్గర దగ్గరగా, దారికి అడ్డంగా, వేగంగా దాటేయాలి. దారి మధ్యలో ఆగి ఫొటో దిగాలన్న సరదా సరంగుకి ఎంత టెన్షన్ పెడుతుందో అతని సీట్లో ఒక్కసారి కూర్చుంటే తెలుస్తుంది.

ఎదురెదురుగా వస్తే ఎవరు ఎటు పోవాలి అన్న దగ్గర మనవాళ్లకి ఒక తిరకాసు ఉంది. రోడ్డు మీద మనం ఎడమ వైపు నడుపుతాం. నీళ్ల మీద ప్రపంచమంతా పాటించే నియమం దానికి తలకిందులు. ఎదురెదురుగా వచ్చిన రెండు మోటారు పడవలూ తమ కుడి వైపుకి తిరగాలి. బండి నడిపి నడిపి అలవాటైన చెయ్యి గాభరాలో ఎడమకే పోతుంది. ఒకరు కుడికి, ఒకరు ఎడమకి తిరిగితే ఇద్దరూ ఒకే వైపుకి వచ్చి గుద్దుకుంటారు. వెనక నుంచి దాటేవాడే తప్పుకుని పోవాలన్నది ఇంకో నియమం. వల వేసుకుని కదలలేని స్థితిలో ఉన్న చేపల పడవకి మోటారు పడవలూ తెరచాప పడవలూ దారి ఇవ్వాలన్నది కూడా సముద్ర నియమాల్లో ఉన్నదే. దయతో చేసే ఉపకారం కాదది. జాలరి పడవ కట్టేసి ఉన్నట్టు కనబడుతుంది కానీ దాని కింద వల పరుచుకుని ఉంటుంది. ప్రొపెల్లర్ తగిలితే వల తెగుతుంది, తెడ్డు తగిలితే చిక్కుకుంటుంది. తేలుతున్న ఖాళీ సీసాలూ థర్మోకోల్ ముక్కలూ అన్నీ చెత్త కావు, వరసగా ఉంటే అది వల.

ప్రయాణికుల బోట్ల దగ్గర రేవు మర్యాద అంటే క్యూలో నిలబడటం ఒక్కటే కాదు. 2017 నవంబర్ 12న, కార్తీక ఆదివారం సాయంత్రం, పవిత్ర సంగమం దగ్గర ఒక ప్రైవేటు బోటు బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. దానికి నడిపే అనుమతి లేదని, మోయాల్సిన దానికన్నా ఎక్కువ మందిని ఎక్కించారని, లైఫ్ జాకెట్లు ఇవ్వలేదని అప్పుడే బయటపడింది. ఆ తప్పు ఎక్కినవాళ్లది కాదు. అయినా ఎక్కేవాళ్ల చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. బోటులో మనిషి నిలబడితే బరువు పైకి పోతుంది, బోటు తేలిగ్గా ఒరుగుతుంది. ఒడ్డు దగ్గరికి రాగానే దిగే తొందరలో అందరూ లేచి ఒకే పక్కకి చేరితే ఆ ఒరుగు రెట్టింపవుతుంది. ఒక్కొక్కరుగా, మధ్యలో అడుగు వేసి ఎక్కడం, మోకు కట్టిందాకా కూర్చునే ఉండటం, జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకపోవడం, ఇవి ఎవరికైనా సాధ్యమే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నట్టు కాకుండా, కూర్చోండమ్మా అని సరంగు అరిచినప్పుడు చివరి నిమిషంలో కూడా ఆ మాట వినాలి.

మెట్ల మీద అడ్డం పెట్టకూడదన్నది ఎంత పెద్ద విషయమో 2024 సెప్టెంబర్‌లో విజయవాడ కళ్లారా చూసింది. బుడమేరు వాగు పొంగి నగరంలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు ఫ్లైఓవర్ దిగి రోడ్డు నీళ్లలో కలిసే చోటే రేవయింది. రోడ్డు వాలే పడవలు ఆగే ర్యాంప్ అయింది. సహాయక బృందాల పడవలు అక్కడికి మనుషుల్ని తెచ్చి దించి, పాలూ నీళ్లూ అన్నం పొట్లాలూ ఎక్కించుకుని వెళ్లాయి. ఒకే వాలు మీద దిగేవాళ్లు, ఎక్కించేవాళ్లు, తమవాళ్ల కోసం ఎదురుచూసేవాళ్లు, ట్రాక్టర్లు, బైకులు. అలాంటి చోట నీటి అంచుకి తెచ్చి ఆపిన ఒక్క బైకు ఒక పడవని ఆపుతుంది. ఆగిన పడవ వెనక్కి తిరిగి వెళ్లడానికి పట్టే ప్రతి నిమిషం ఎవరో ఒకరు మేడ మీద నిలబడి చూస్తున్న నిమిషమే. మామూలు రోజుల్లో రేవు ఖాళీగా ఉంచడం అలవాటైన ఊరికి ఆపద రోజున వేరే చెప్పక్కర్లేదు.

అదే వరదలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బరువైన ఇనుప పడవలు గేట్లని గుద్దాయి. గేట్లని ఎత్తడానికి సాయపడే కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. ఆ పడవల్ని తొలగించడానికి చాలా రోజులు తంటాలు పడాల్సి వచ్చింది. పడవని ఎక్కడ కట్టాం, ఎలా కట్టాం, వరద వస్తే ఎవరు వచ్చి చూస్తారు అన్నది సొంత విషయం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. కయాక్ వాళ్లకి కూడా ఇందులో పాఠం ఉంది. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది ఇస్తారు. అయితే కయాక్‌కి అంత దాకా అక్కర్లేదు. కొన్ని గేట్లు కొద్దిగా ఎత్తినా చాలు, నిలవనీరులా కనబడే నది గేట్ల వైపు లాగడం మొదలుపెడుతుంది. పైకి అల కూడా ఉండదు. తెడ్డుతో ఎదురు వేయలేని లాగుడు అది. గేట్లు ఎత్తిన రోజు నీళ్లలోకి దిగితే తన ప్రాణంతో పాటు కాపాడటానికి వచ్చేవాళ్ల ప్రాణాన్ని కూడా పణం పెట్టినట్టే.

చట్టం ఈ చిక్కులన్నిటినీ తీర్చదు. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. అది పడవకి రిజిస్ట్రేషన్, తనిఖీ, నడిపేవాడి అర్హత, బీమా చూస్తుంది. అది చూసేది పడవని, మెట్టుని కాదు. ఒకప్పుడు బందరు కాలవ, ఏలూరు కాలవల మీద సరుకు పడవలు నడిచిన రోజుల్లో, నీటిమట్టం మార్చి పడవల్ని దాటించే లాకుల దగ్గర వరస దానంతటదే కుదిరేది. లాకులో పట్టేది కొన్ని పడవలే, తలుపు తెరిచేది లాకు మనిషి, నీటిమట్టం మారిందాకా మిగిలినవి ఆగాల్సిందే. ఘాట్‌కి తలుపు లేదు, మనిషీ లేడు.

అయినా చోటు పంచడం అసాధ్యమేమీ కాదు. 2018 నవంబర్‌లో అంతర్జాతీయ పవర్‌బోటు పందేలు ఇదే నీళ్లలో జరిగాయి. 2024 నవంబర్ 9న పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరింది. అప్పుడు నీళ్లలో గుర్తులు పెట్టి, ఇటు మీరు రాకండి, అటు వాళ్లు రారు అని పంచగలిగారు. రోజువారీ రేవుకి అంత హంగామా అక్కర్లేదు. ఘాట్ చివరి పది మెట్ల పక్కన వాలుగా ఒక కాంక్రీటు పట్టీ వేసి, కయాక్‌లు ఇక్కడ అని తెలుగులో బోర్డు పెడితే సగం గొడవ తీరుతుంది. స్నానాల మెట్ల ముందు తేలే గుర్తులు కట్టి, వాటికి ఇవతల ఇంజను మెల్లగా అని సరంగులకి చెబితే ఇంకో పావు తీరుతుంది. చేపల పడవలు ఎప్పటి నుంచో ఆగే చోటుని వాళ్లకే వదిలేయడానికి బోర్డు కూడా అవసరం లేదు.

నీళ్లలోంచి వచ్చేటప్పుడు కయాక్ అడుగునా, తెడ్డు రెక్కకీ గుర్రపుడెక్క వేర్లు పట్టుకుని వస్తాయి. వాటిని మెట్ల మీద దులిపితే కుళ్లి వాసన వేస్తాయి, జారతాయి. అదే కయాక్‌ని మరో చెరువుకి తీసుకెళ్తే చిన్న ముక్క చాలు, అక్కడా అల్లుకుపోతుంది. ఒడ్డున దూరంగా, ఎండ తగిలే పొడి చోట తీసేసి, లోపలి నీళ్లు వంపేసి వెళ్లాలి. అమెరికాలో ర్యాంపుల దగ్గర ఇదే పని కోసం పెద్ద బోర్డులు ఉంటాయి. అక్కడి భయం నత్తగుల్లల లాంటి జీవుల గురించి, ఇక్కడిది గుర్రపుడెక్క గురించి.

వీటన్నిటికన్నా సులువైనది నోటి మాట. పొద్దున్నే కయాక్ మోసుకొచ్చిన కుర్రాడు మెట్ల మీద వల విదిలిస్తున్న పెద్దాయన దగ్గర ఒక్క నిమిషం ఆగి, "బాబాయ్, వల ఎటేశారు?" అని అడిగితే ఆయన తల ఎత్తి గడ్డంతో ద్వీపం వైపు చూపిస్తాడు. "ఆ తుమ్మల కింద ఏశా. తెల్ల సీసాలు కనపడతాయి, వాటికి అవతలగా పో. పది దాటాక గాలి తిరుగుద్ది, ముందే వచ్చెయ్." ఆ రోజు ఎటు వెళ్లాలో, ఎప్పుడు తిరిగి రావాలో కుర్రాడికి తెలిసిపోయింది. పెద్దాయన కాలితో బుట్ట కాస్త పక్కకి జరిపి, కయాక్ దిగేంత చోటు చేశాడు.